సభ సరే... సముద్రం సంగతో?

విశాఖపట్నంలో సభ అంటే చాలు, పిలుపు అందుకున్నవాళ్లు పెట్టెలో రెండు జతలు ఎక్కువే సర్దుకుంటారు. పగలు సదస్సు, సాయంత్రం బీచ్. కుదిరితే ఒకరోజు సెలవు కలిపి అరకు. మరో ఊరైతే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేవాళ్లు కూడా వైజాగ్ అనేసరికి 'వస్తున్నాం' అని ముందే కబురు పెడతారు. పిలిచేవాళ్లకీ ఆ సంగతి తెలుసు. అందుకే వైద్యుల సదస్సులు, బ్యాంకు అధికారుల సమావేశాలు, కంపెనీల వార్షికోత్సవాలు, పూర్వ విద్యార్థుల కలయికలు... ఒకటేమిటి, అన్నీ ఇక్కడే!

పెద్దవాటి గురించి చెప్పనే అక్కర్లేదు. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్షకు సుమారు 50 దేశాల నౌకాదళాలు వచ్చాయి. 2023 మార్చి మొదట్లో పెట్టుబడిదారుల సదస్సు, అదే నెలాఖరులో జి-20 ప్రతినిధుల సమావేశం జరిగాయి. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా 3 లక్షల మందికి పైగా బారులు తీరారు. అదే ఏడాది నవంబరులో భాగస్వామ్య సదస్సు. వీటి మధ్య మధ్యలో రుషికొండ, భీమిలి దారిలోని రిసార్టుల్లో పెళ్లిళ్లు, రిసెప్షన్లు, షష్టిపూర్తులు.

ఇంతమందినీ రప్పిస్తున్నది సముద్రమే. అతిథులు వెళ్లిపోయాక మిగిలినదాన్ని మోయాల్సిందీ ఆ సముద్రమే. మైదానంలో వదిలేసిన కప్పు గాలికి గెడ్డలో పడుతుంది. వానొస్తే గెడ్డ దాన్ని తీసుకెళ్లి కడలిలో కలుపుతుంది. కొన్నాళ్లకు జాలరి వలలో చేపతోపాటు అదీ పైకొస్తుంది.

ఈమధ్య చాలా సభలు 'పర్యావరణహిత' అనే మాటను ఆహ్వాన పత్రం మీదే అచ్చేస్తున్నాయి. సంతోషమే. తీరా వెళ్లి చూస్తే వేదిక పక్కన నాలుగు పూలకుండీలు, ముఖ్య అతిథికి పుష్పగుచ్ఛం బదులు ఓ మొక్క. ఆ మొక్క చాలాసార్లు హోటల్ గదిలోనే ఉండిపోతుంది. విమానంలో కుండీ పట్టుకుని ఎవరెక్కుతారు పాపం! నిజానికి ఒక సభ పచ్చగా జరుగుతుందా లేదా అన్నది వేదిక మీద తేలదు. అంతకు మూడు నాలుగు వారాల ముందే నిర్వాహకుల చేతిలోని ఆర్డరు కాగితాల మీద తేలిపోతుంది. నీళ్లు ఎన్ని, భోజనాలు ఎన్ని, బ్యానర్లు దేనితో, దీపాలు ఎటువైపు... ఈ నాలుగూ ఆర్డరు ఇచ్చేశాక మర్నాడు ఎంతమంది చీపుళ్లు పట్టినా చేసేది ఊడ్చడమే.

పది వేల సీసాలు... 125 క్యాన్లు

ముందు నీళ్లతో మొదలుపెడదాం. వెయ్యిమంది వచ్చే రెండు రోజుల సదస్సు అనుకోండి. మనిషికి రోజుకు ఐదు చిన్న సీసాలు. కుర్చీ దగ్గర ఒకటి, టీ విరామంలో ఒకటి, భోజనాల దగ్గర రెండు, మధ్యలో గొంతు తడుపుకోవడానికి ఇంకొకటి. విశాఖ ఉక్కపోతకు ఇది ఎక్కువేం కాదు. అంటే రెండు రోజులకు పది వేల సీసాలు. ఒక్కోటి పావులీటరు లెక్కన మొత్తం నీళ్లు 2,500 లీటర్లు. ఇవే నీళ్లు 20 లీటర్ల క్యాన్లలో తెప్పిస్తే 125 క్యాన్లు సరిపోతాయి. క్యాన్లు ఖాళీ కాగానే వెనక్కి వెళ్లి మళ్లీ నిండి వస్తాయి. పది వేల సీసాలు ఎక్కడికి వెళ్తాయి?

వాటిలో చాలావాటిలో సగం నీళ్లు అలాగే ఉంటాయి. సభల్లో సీసా నీళ్లకున్న గుణమే అది. మూత తీస్తారు, రెండు గుక్కలు తాగుతారు, పక్కన పెట్టి ఎవరితోనో మాట్లాడటానికి వెళ్తారు. తిరిగొచ్చేసరికి ఏది తమదో తెలియదు. ఎంగిలేమోనని అనుమానం. ఇంకోటి తీసుకుంటారు. గోస్తనీ నీటికో, ఏలేరు కాలువ నీటికో వేసవి వస్తే ఎదురుచూసే నగరం ఇది. ఆ సగం సీసాల నీళ్లు ఆ ప్లాస్టిక్‌తోపాటే చెత్తబండి ఎక్కుతాయి. సీసా ఖాళీగా ఉంటే పాతసామాన్లవాళ్లైనా తీసుకెళ్తారు. నీళ్లున్న సీసాను ఒక్కోటీ విప్పి, వంచి, మూత వేరుచేసే ఓపిక ఎవరికుంటుంది?

'క్యాన్లు పెడితే పరువేం కాను?' అని అడిగే నిర్వాహకులున్నారు. వాళ్ల ఇబ్బందీ నిజమే. మంత్రిగారి ముందు స్టీలు గ్లాసు పెట్టాలంటే జంకు. కానీ 2009 డిసెంబరులో కోపెన్‌హాగన్‌లో జరిగిన ప్రపంచ వాతావరణ సదస్సుకు దేశాధినేతలే వెళ్లారు. అక్కడ సీసాల బదులు కుళాయి నీళ్లే ఏర్పాటు చేశారు. పైగా ప్రతినిధులకు ఇచ్చే కానుకల సంచులు మానేసి, ఆ డబ్బును విద్యార్థుల ఉపకార వేతనాలకు మళ్లించారు. అందువల్ల ఎవరి పరువూ పోలేదు. కోపెన్‌హాగన్ కుళాయి నీళ్లు వేరు, మన కుళాయి నీళ్లు వేరు అంటారా? ఒప్పుకోవాల్సిందే. అందుకే మనకు క్యాన్లు, శుద్ధి యంత్రాలు. వేదిక మీద గాజు గ్లాసు, దాని మీదో మూత. కింద కూర్చున్నవాళ్లకు స్టీలు గ్లాసులు, లేదా 'మీ సీసా మీరే తెచ్చుకోండి' అని ఆహ్వానంలోనే ఒక్క మాట.

గ్లాసులు కడగడానికి మనుషులు కావాలి. వాళ్లకు కూలీ ఇవ్వాలి. ఆ ఖర్చు లేదని చెప్పడం సరికాదు. కాకపోతే సీసాలు కొన్న డబ్బు కంపెనీకి పోతుంది. గ్లాసులు కడిగిన డబ్బు ఆ ఊళ్లోనే ఓ ఇంటికి చేరుతుంది.

ఇక్కడ చాలామంది పడే గోతి ఒకటుంది... కాగితం కప్పు! 'ప్లాస్టిక్ మానేశాం, పేపర్ కప్పులే వాడుతున్నాం' అని గర్వంగా చెబుతుంటారు. టీ కారకుండా ఆ కప్పు లోపల పూసేది చాలావరకు ప్లాస్టిక్ పొరే. కాగితం, ప్లాస్టిక్ రెండూ అతుక్కుపోయి ఉండటంతో దాన్ని తిరిగి వాడటం మరీ కష్టం. పింగాణీ కప్పు, గాజు గ్లాసు, మట్టి ముంత... ఏదైనా దానికంటే నయమే.

ప్లేటు లెక్క తప్పితే...

తర్వాతిది భోజనం. సదస్సుకు వెయ్యి మంది పేర్లు నమోదయ్యాయంటే నిర్వాహకులు క్యాటరింగ్‌వాళ్లకు పన్నెండు వందల ప్లేట్లు చెబుతారు. తక్కువ పడితే తలవంపులని భయం. క్యాటరింగ్‌వాళ్లు తమ పేరు పోకుండా ఇంకొంచెం కలుపుకొంటారు. ఇంతలో ఆ వెయ్యి మందిలో రెండువందల మంది మధ్యాహ్నానికే జారుకుంటారు... బీచ్ పిలుస్తోంది కదా! ఇది రిసార్టు నగరాలకే ప్రత్యేకమైన తలనొప్పి. పొద్దున్న హాల్లో ఉన్నవాళ్లు మధ్యాహ్నం ఉండరు, మధ్యాహ్నం ఉన్నవాళ్లు రాత్రి విందుకు రారు. చూస్తే గంగాళాల్లో బిర్యానీ అలాగే ఉంటుంది.

పెళ్లి చేసిన ఇంట్లో ఎవర్నడిగినా ఈ బాధ చెబుతారు. పద్ధెనిమిది రకాలు పెట్టామన్న తృప్తి, తొమ్మిది రకాలు పారబోశామన్న దిగులు... రెండూ ఒకే రాత్రి.

దీనికి మందు లేకపోలేదు. అది కాస్త విసుగు పుట్టించే పని, అంతే. పేరు నమోదు చేసుకున్నప్పుడే 'ఏ పూట భోజనానికి ఉంటారు?' అని విడివిడిగా అడగడం. ముందురోజు సాయంత్రం మళ్లీ ఒక సందేశం పంపి అడగడం. ఆ రోజు పొద్దున టీ దగ్గర తలలు లెక్కపెట్టి వంటశాలకు చెప్పడం. అన్నం, పూరీ లాంటివి ఒక్కసారే వండేయకుండా విడతలుగా దించడం. బఫేలో పళ్లెం సైజు తగ్గించినా ఫలితం కనిపిస్తుంది. పెద్ద పళ్లెం చేతికిస్తే నింపాలనిపించడం మనిషి సహజం. అన్నిటికంటే పాత పద్ధతి, పంక్తి భోజనం, ఈ లెక్కలో బఫేకంటే చాలా మేలు. వడ్డించేవాళ్లు అడిగి వేస్తారు, తినేవాళ్లు 'చాలు' అని చెయ్యి అడ్డం పెడతారు.

మిగిలింది ఎవరికైనా ఇద్దామంటే దానికీ ముందే మాట్లాడి పెట్టుకోవాలి. రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేసి 'మూడొందల మంది భోజనం ఉంది, పట్టుకెళ్లండి' అంటే ఏ సేవాసంస్థ మాత్రం ఏం చేస్తుంది? ఈ తీరపు ఉక్కలో పన్నీరు కూర, చేపల పులుసు ఎక్కువసేపు నిలవుండవు. మంచి మనసుతో ఇచ్చినదే ఆస్పత్రిపాలు చేయొచ్చు. బల్లల మీదకు తేకుండా వంటశాలలోనే ఉన్న గిన్నెలను వేడిగా ఉండగానే పంపించేయాలి. అలా పంపేందుకు వీలుగా బండి, పెట్టెలు సిద్ధంగా ఉండాలి.

ఎవరికీ చేరని అన్నం నగరపాలక సంస్థ బండెక్కి కాపులుప్పాడ వైపు వెళ్తుంది. విశాఖ చెత్తంతా చేరేది అక్కడికే. తడి చెత్త విడిగా వెళ్తే ఎరువవుతుంది. సీసాలు, థర్మకోల్, చెమ్చాలతో కలిసి కుప్పలో కూరుకుపోతే కుళ్లి మీథేన్ వాయువును వదులుతుంది. భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకంటే అది ఎన్నో రెట్లు గట్టిది.

భోజనం మాట వచ్చింది కాబట్టి చేపల సంగతీ చెప్పుకోవాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల చేపల వేట నిషేధం. 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టి పిల్లలను చేసుకునే కాలం అది. సరిగ్గా ఆ వేసవి సెలవుల్లోనే సభలకు వచ్చిన అతిథులు 'వైజాగ్ వచ్చి వంజరం తినకపోతే ఎలా' అంటారు. అప్పుడు పళ్లెంలోకి వచ్చేది ఎక్కడో పట్టి, మంచులో పెట్టి, లారీలో తెచ్చిన చేప. మే నెలలో పెట్టే సభల పట్టికలో సముద్రపు చేప లేకపోవడమే ఈ తీరానికిచ్చే మర్యాద. దానికి బదులు ఈ ప్రాంతంలో రుచులకు కరవా? ఏజెన్సీ నుంచి బొంగు చికెన్ పెట్టొచ్చు, మాడుగుల నుంచి హల్వా, చివర్లో అరకు కాఫీ.

కొండమీది ఆకు

పళ్లెం విషయంలో విశాఖకు ఉన్న అదృష్టం చాలా తీర నగరాలకు లేదు. కొండెక్కితే చాలు, అడ్డాకు దొరుకుతుంది. పాడేరు, అరకు వైపు అడవుల్లో పెద్ద చెట్లను అల్లుకుని పెరిగే తీగ అది. గిరిజన మహిళలు ఆ ఆకులు కోసి, ఆరబెట్టి, సన్నటి పుల్లలతో కుట్టి విస్తళ్లు చేస్తారు. ఒకప్పుడు ఈ జిల్లాల్లో పెళ్లంటే అడ్డాకు విస్తరే. థర్మకోల్ పళ్లేలు వచ్చి దాన్ని పక్కకు నెట్టేశాయి. 2022 జులై 1 నుంచి దేశమంతా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెమ్చాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మకోల్ వంటివాటిని నిషేధించారు. మిఠాయి పెట్టెలకు, శుభలేఖలకు చుట్టే పల్చటి ప్లాస్టిక్ కూడా ఆ జాబితాలో ఉందని చాలామందికి తెలియదు.

విస్తరి కొనేటప్పుడు మాత్రం తిప్పి చూడాలి. యంత్రంతో అచ్చు ఒత్తిన కొన్ని రకాల్లో గట్టిగా నిలబడటానికి ఆకు కింద ప్లాస్టిక్ పొర అతికిస్తున్నారు. పైకి ఆకే, కింద అదే కథ. పుల్లతో కుట్టిన విస్తరైతే తిన్నాక పశువు తిన్నా మంచిదే, మట్టిలో కలిసినా మంచిదే. ధర థర్మకోల్‌కంటే ఎక్కువ పడొచ్చు. వెయ్యి విస్తళ్లు కావాలంటే పది రోజుల ముందైనా చెప్పాలి. చేత్తో కుట్టేది మరి!

జ్ఞాపికల విషయమూ ఇంతే. ఈ చుట్టుపక్కలే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రతో చేసి, గింజలు, బెరళ్లు, వేళ్ల నుంచి తీసిన రంగులు, లక్క అద్దే బొమ్మలవి. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన దిల్లీలో రాష్ట్ర శకటం మీద ఊరేగాయి కూడా. అయినా మన సభల్లో శాలువా, ప్లాస్టిక్ పెట్టెలో మెరిసే జ్ఞాపికే ఎక్కువ. వాటిని దాచుకునే అతిథి ఎవరో!

తేదీ లేని బ్యానర్

2022 ఆగస్టు 26న విశాఖ తీరంలో ఒక పెద్ద శ్రమదానం జరిగింది. వేలమంది ఒక్క ఉదయాన బీచ్‌లు శుభ్రం చేశారు. సుమారు 76 టన్నుల ప్లాస్టిక్ తీసినట్లు ఆ రోజు ప్రకటించారు. రాష్ట్రంలో ఫ్లెక్సీలను నిషేధిస్తున్నట్లు అప్పటి ముఖ్యమంత్రి ఆ వేదిక మీదే చెప్పారు. అమలు గడువు నవంబరు 1 అన్నారు, తర్వాత 2023 జనవరి 26కు జరిగింది. ఆ తర్వాత ఏమైందో ఏ కూడలిలో నిలబడి తలెత్తినా తెలుస్తుంది.

నిర్వాహకులకు ఫ్లెక్సీ మీద అంత మోజెందుకు? చౌక, ఒక్క రాత్రిలో అచ్చవుతుంది, ఎక్కడి నాయకుడి ముఖమైనా నిగనిగలాడుతుంది. సభ అయ్యాక మాత్రం దాని బతుకు గుడిసె మీద పరదాగానో, గెడ్డలో అడ్డంగానో! గుడ్డ బ్యానర్ ధర ఎక్కువే. కానీ దాని మీద తేదీ, ఏడాది, 'ముఖ్య అతిథి' అనే పేర్లు లేకుండా సంఘం పేరు, గుర్తు మాత్రమే వేయిస్తే పదేళ్లు వాడుకోవచ్చు. ఆ ఏటి వివరాలకు తెర మీద ఒక చిత్రం చాలు. మెడలో వేసుకునే గుర్తింపు కార్డు కూడా అంతే. ప్లాస్టిక్ తొడుగు లేకుండా మందపాటి అట్ట, నూలు తాడు. వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఓ బుట్ట పెట్టి తాళ్లు వెనక్కి తీసుకోవచ్చు.

దీపాలు ఆర్పండి... పిల్లలొస్తున్నారు!

విశాఖలో సభల కాలం ఏది? నవంబరు నుంచి మార్చి దాకా. ఎండ తగ్గుతుంది, తుపాన్ల భయం నెమ్మదిస్తుంది. నౌకాదళ దినోత్సవం, విశాఖ ఉత్సవాలు, కొత్త సంవత్సరం వేడుకలు, మాఘమాసం పెళ్లిళ్లు... అన్నీ అప్పుడే.

సరిగ్గా ఆ నెలల్లోనే ఈ తీరానికి ఇంకో రకం అతిథులూ వస్తారు. వాళ్లకు ఆహ్వాన పత్రాలు ఉండవు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు! రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుకలో గొయ్యి తీసి, సుమారు వంద గుడ్లు పెట్టి, మళ్లీ ఇసుక కప్పి సముద్రంలోకి వెళ్లిపోతాయి. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. అటవీశాఖ ఏటా గుడ్లు సేకరించి జోడుగుళ్లపాలెం లాంటి చోట్ల సంరక్షణ కేంద్రాల్లో పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతోంది. కానీ ప్రతి గూడూ వాళ్ల కంట పడదు.

ఇసుకలోంచి తలెత్తిన తాబేలు పిల్లకు దారి చెప్పేది వెలుతురే. చీకటి రాత్రి ఒడ్డుకంటే సముద్రం వైపు ఆకాశం కాస్త వెలుగ్గా ఉంటుంది. పిల్ల అటు పరుగు తీస్తుంది. లక్షల ఏళ్లుగా అదే లెక్క. ఇప్పుడు ఒడ్డున వేదిక, దాని మీద ఫ్లడ్‌లైట్లు, రిసార్టు తోటలో తీగల నిండా బల్బులు. పిల్ల ఇటు తిరుగుతుంది. రోడ్డు మీదకొస్తుంది. తెల్లారేసరికి కుక్కలకో, కాకులకో, బండి చక్రానికో...

పెద్ద తాబేళ్లు చచ్చి ఒడ్డుకు కొట్టుకురావడానికి మరపడవల వలలు పెద్ద కారణం. దానికి సభలను తప్పుపట్టలేం. దీపాలు మాత్రం పూర్తిగా నిర్వాహకుల చేతిలో పని. వేదికను రోడ్డుకు ఈవలి వైపు వేసుకోవచ్చు. ఇసుకలోనే వేయాలని పట్టుదల ఉంటే దీపాలు కిందికి తిప్పి, సముద్రం వైపు అడ్డు పెట్టుకోవచ్చు. తెల్లటి వెలుగు బదులు ఎరుపు, కాషాయపు రంగు దీపాలు వాడితే తాబేళ్లకు ఇబ్బంది తక్కువ. రాత్రి పదింటికి కార్యక్రమం ముగించి దీపాలు ఆర్పేయొచ్చు. అన్నిటికంటే ముందు, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య బీచ్‌లో విందు పెట్టాలనుకుంటే అటవీశాఖవాళ్లను ఒక్క మాట అడగొచ్చు... 'ఈ చుట్టుపక్కల గూళ్లేమైనా ఉన్నాయా?' అని. బీచ్ విందుకు డీజే దొరుకుతాడా అని పది ఫోన్లు చేసేవాళ్లం, ఈ ఒక్క ఫోన్ చేయలేమా?

చల్లదనం ఖరీదు

పెద్ద సదస్సులకు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాల మైదానంలో 'జర్మన్ హ్యాంగర్లు' వేయడం అలవాటైంది. ఇనుప చట్రం మీద తెల్లటి గుడ్డ పందిరి. లోపల ఏసీలు, బయట డీజిల్ జనరేటర్లు. గోడలు లేని పందిరిని చల్లబరచడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఐదారు వేలమంది కూర్చునే హాలు నగరంలో లేకపోతే వేరే దారి లేదనుకోండి. ఎనిమిది వందల మంది సభకూ అదే పందిరి వేయడమే విడ్డూరం. ఆ మాత్రం జనానికి సరిపోయే హాళ్లు ఊళ్లో ఉన్నాయి.

ఇంకో సంగతి. ఈ ఊళ్లో చలికాలం సాయంత్రాలు ఆరుబయటే హాయి. అయినా ఏసీ హాల్లో, 18 డిగ్రీల్లో, కోట్లు వేసుకుని కూర్చోవడమే మర్యాద అనుకుంటున్నాం. 2020 నుంచి గదుల ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారుచేయాలని ప్రభుత్వమే నిబంధన పెట్టింది. 'కోటు అక్కర్లేదు, నూలు చొక్కా చాలు' అని ఆహ్వానంలో రాస్తే ఆ 24 చాలు. వణుకుతూ పవిటకొంగు కప్పుకునే ఆడవాళ్లూ సంతోషిస్తారు.

ఇక ప్రయాణం. ఇక్కడ నిష్ఠూరమైనా నిజమే చెప్పుకోవాలి. దూరప్రాంతాల నుంచి విమానాల్లో జనం వచ్చే సదస్సుల కర్బన లెక్క తీస్తే సింహభాగం ఆ ప్రయాణానిదే. పది వేల సీసాలు మానేసినా రెండొందల మంది విమానాల పొగకు అది సాటి రాదు. వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది హైదరాబాద్‌వాళ్లే అయితే సభ హైదరాబాద్‌లో పెట్టుకోవడమే మేలు. ఇక్కడే పెట్టాలంటే రైలు ఉంది. రాత్రి రైళ్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. 2023 జనవరి నుంచి సికింద్రాబాద్-విశాఖ వందే భారత్ సుమారు ఎనిమిదిన్నర గంటల్లో తెస్తోంది. సభ వేళలను రైలు వేళలకు తగ్గట్టు పెడితే చాలు. పొద్దున తొమ్మిదింటికే ప్రారంభోత్సవం అంటే అతిథి విమానమే ఎక్కుతాడు.

జెండా ఎగరాలంటే

2020 అక్టోబరులో దేశంలో ఎనిమిది బీచ్‌లకు 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు వస్తే వాటిలో రుషికొండ ఒకటి. నీటి శుభ్రత, చెత్త, భద్రత... ఇలా 33 అంశాలు చూసి డెన్మార్క్ కేంద్రంగా పనిచేసే సంస్థ ఇస్తుంది. నగరం మురిసిపోయింది. 2025 మొదట్లో నిర్వహణ బాగోలేదన్న ఫిర్యాదులతో ఆ గుర్తింపును తాత్కాలికంగా వెనక్కి తీసుకున్నారు. జెండా దిగింది. అధికారులు ఉరుకులు పరుగులతో లోపాలు సరిచేశాక మళ్లీ వచ్చింది. అయిదేళ్ల పేరు కొద్ది నెలల నిర్లక్ష్యానికి పోయిందంటే, ఒక్క వారాంతంలో నాలుగు విందులు జరిగే చోట ఎంత జాగ్రత్త కావాలి!

సభలను ఇలా పద్ధతిగా జరపడానికి ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణం కూడా ఉంది. లండన్ ఒలింపిక్స్ జరిగిన 2012లో వచ్చింది, పేరు ఐఎస్ఓ 20121. పారిస్ ఒలింపిక్స్ ఏడాది, 2024లో దాన్ని సవరించారు. అంత దూరం వెళ్లనక్కర్లేదంటే పక్కనే కేరళ. 2015లో జాతీయ క్రీడలు జరిపినప్పుడు అక్కడి శుచిత్వ మిషన్ 'గ్రీన్ ప్రొటోకాల్' పెట్టింది. వాడి పారేసేవి తగ్గించి, స్టీలు పళ్లేలు, గ్లాసులు తెచ్చింది. ఆ అలవాటు తర్వాత పెళ్లిళ్లకు, గుడి ఉత్సవాలకు పాకింది. క్రీడాకారులకు కుదిరింది పెళ్లివారికి కుదరదా అని జనం తమకు తామే అనుకున్నారు.

మన దగ్గరా కాగితం మీద లోటు లేదు. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు... అనుమతి ఉన్న వేదిక కాని చోట వందమందికి మించి జనంతో కార్యక్రమం పెడితే, కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు చెప్పాలని. చెత్తను అక్కడికక్కడే వేరుచేసి అప్పగించే బాధ్యత నిర్వాహకులదేనని. బీచ్‌లో పుట్టినరోజు విందు పెట్టే కుటుంబాల్లో ఎంతమంది ఈ మాట విని ఉంటారు?

ఆ చెత్త వేరుచేసే పని చివరికి ఎవరి మీద పడుతోందో చూస్తే ఇదంతా ఎందుకో అర్థమవుతుంది. అతిథులు గదుల్లో నిద్రపోతుండగా, తెల్లవారుజామున పారిశుద్ధ్య కార్మికులు వస్తారు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. కూరలో మునిగిన సీసా, పగిలిన గాజుపెంకు, చెమ్చాలు, ఎముకలు అన్నీ ఒకే సంచిలో. చేతులు పెట్టి ఏరాలి. సూర్యోదయం చూడ్డానికి జనం వచ్చేసరికి ఇసుక శుభ్రంగా ఉండాలి. రెండే రెండు డ్రమ్ములు, ఒకటి తడికి, ఒకటి పొడికి, వాటి పక్కన ఎవరైనా ఒకరు నిలబడి 'ఇందులో కాదండీ, అందులో' అని చెబితే ఆ ఏరుడు సగానికి పైగా తప్పుతుంది. మనిషి లేకుండా డ్రమ్ములు మాత్రమే పెడితే రెండింటిలోనూ ఒకటే చెత్త.

అందుకే హాలు బుక్ చేసేటప్పుడే నాలుగు ప్రశ్నలు అడగాలి. నీళ్లు నింపుకొనే ఏర్పాటు ఉందా? గ్లాసులు, పళ్లేలు కడిగే చోటుందా? తడి చెత్త ఎటు పంపుతారు? దీపాలు ఎన్నింటికి ఆర్పుతారు? జవాబులు ఒప్పంద పత్రంలో రాయించుకోవాలి. క్యాటరింగ్‌వాళ్లకూ అంతే. ఒప్పుకున్న లెక్కకు మించి వండితే డబ్బివ్వమని ముందే చెబితే అదనపు గంగాళం పొయ్యెక్కదు. సభ అయ్యాక బండెక్కే ముందు చెత్తను ఒకసారి కాటా వేయించి, ఎన్ని కిలోలో రాసిపెట్టుకుంటే మరీ మంచిది. అతిథులెందరు, ఖర్చెంత అని వార్షిక నివేదికలో వేస్తారు కదా, దాని కింద ఇంకో గీత. వచ్చే ఏడాది అదే సంఘం మళ్లీ విశాఖకే వస్తుంది. అప్పుడా అంకె పక్కన కొత్త అంకె రాయొచ్చు.